మగపూత

శుక్రవారం పొద్దున్నే వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతున్న తిరుపాలమ్మ గేటు చప్పుడు వినగానే గబగబా చేతులు తుడుచుకుంది. సబ్హాన్ ప్రాంతంలోని గోదాములో పనిచేసే కొడుకు బాలసుబ్బయ్య వారానికొక్కసారి వచ్చేది ఈ రోజే. వాడు వస్తూనే ఆమెను దాటుకుని, వెనక గిన్నెలు తోముతున్న తోటికోడలి దగ్గరికి పోయాడు.

"పెద్దమ్మా, ఈడ తిండి పడతాందా నీకు?"

తిరుపాలమ్మ తుడుచుకున్న చేతుల్తోనే మళ్ళీ కత్తి అందుకుంది. వీడికి పాలపళ్ళు ఊడకముందే ఆమె అరబ్బుల దేశానికి, మిష్రిఫ్‌లోని ఈ ఇంటికి పనికొచ్చింది. పెంచింది పెద్దమ్మ సంజీవమ్మే.

ఊళ్ళో అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు అప్పట్లో సర్కారు ఇచ్చే గంజాయి సాగు లైసెన్సు పెద్దోళ్ళకే, సంజీవమ్మ వాళ్ళకే దక్కింది. ఎకరా చేనే అయినా వాళ్ళకు పెంకుటిల్లు లేచింది. తిరుపాలమ్మ విమానం ఎక్కింది. ఎనభై అయిదులో కొత్త మత్తుమందుల చట్టం వచ్చి లైసెన్సులు పోయాయని విన్న రోజు పైకి అయ్యో అంది గాని, లోపల ఎక్కడో చల్లబడింది. తీరా చూస్తే ఆ చట్టమే సంజీవమ్మను తెచ్చి ఇదే వంటింట్లో తన పక్కన నిలబెట్టింది.

"సర్కారే లైసెన్సు ఇచ్చె, సర్కారే కొనుక్కొనె. ఇప్పుడు మనం దొంగలమంట," అన్నాడు బాలసుబ్బయ్య.

"మెల్లగా అనురా! ఎవురన్నా ఇంటే జైలే," తిరుపాలమ్మ కిటికీ వైపు చూసింది. "అయినా మంచిపనే చేసినారు. పిల్లోళ్ళు చెడిపోతాండ్రి."

"చెడిపోయేటోళ్ళు ఆగినారా మా? పెద్ద యాపారస్తులు అడివిలో దొంగసాగు చేస్తానే ఉండారు. మునిగింది ఎకరా రైతే."

సంజీవమ్మ నిట్టూర్చింది. "మీ అమ్మ చెప్పేదీ నిజమే లేరా. మత్తులో తూలే పిల్లోళ్ళను నేనూ చూసినా. ఇంకో పైరుకు దారి చూపిచ్చి ఇది మూసింటే బాగుండు."

అంతలో పెరట్లోంచి మామా, ఆ ఇంటి యజమానురాలు, వేసిన కేక వినపడింది. ముగ్గురూ పరుగెత్తారు. మగ ఖర్జూరం చెట్టు కింద పూగుత్తులన్నీ నరికేసి, పుప్పొడి రాలి వాడిపోయి ఉన్నాయి. ఆ పూత తీసి ఆడచెట్ల పూతలో కడితేనే ఆ ఇంట్లో కాయ పడేది.

"ఎవరు చేశారిది? చేసినవాళ్ళకు ఇక్కడ పని ఖలాస్!" మామా అరబ్బీలో అరిచింది.

సంజీవమ్మకు అరబ్బీ రాదు. మామా ముఖం మాత్రం అర్థమయింది. "నిన్న నేనే కోసినా తిరుపాలూ. మా లైసెన్సు చేన్లో మగచెట్టు పూత చూపంగానే పీకేస్తాం గదా, ఆడచెట్టు గింజ పట్టకుండా. ఈడ తప్పా అది?"

తప్పే. నిన్న కిటికీలోంచి తిరుపాలమ్మ అంతా చూసింది. చూసి నోరు విప్పలేదు.

ఇప్పుడు ఒక్క ముక్క చాలు. ఈమె ఊళ్ళో పండించిన గంజాయిని మామాకు తెలిసిన పేరుతో హషీష్ అంటే సంజీవమ్మ మళ్ళీ ఈ గడప తొక్కదు. కొడుకు పూర్తిగా తనవాడవుతాడు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది.

"నువ్వు కిటికీ కాడే ఉంటివి గదా, తప్పయితే చెప్తావులే అనుకొంటి," అంది సంజీవమ్మ. "నా పేరే చెప్పు. నీ మీదికి రానీయొద్దు. పిల్లోని చిన్నప్పుడు నువ్వు లేకపోతివి. ఇప్పుడన్నా వానికి దగ్గర్లో ఉండాల."

తిరుపాలమ్మ మామా ముందుకొచ్చి నిలబడింది. "తప్పు నాది మామా," అంది అరబ్బీలో. "కొత్తామెకు నేనే చెప్పాల్సింది, చెప్పలేదు. పక్కింట్లో మగచెట్టుంది. పూత అడిగి తెచ్చి ఈ పొద్దే కడతాం."

మామా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కాయ పడకపోతే ఇద్దరూ ఖలాస్," అని లోపలికి పోయింది.

"ఏం చెప్పినావు?"

"నిజమే చెప్పినా అక్కా. నువ్వు పోవాలనే నిన్న చూసి గూడా ఊరకుంటి. మీ లైసెన్సు పోయినాదన్నప్పుడు గూడా సంతోషపడితి."

సంజీవమ్మ కింద పడ్డ పూగుత్తి ఒకటి చేతిలోకి తీసుకుంది. "నీకు రాకుండా మాకే లైసెన్సు వచ్చినపొద్దు నేను తక్కువ సంతోషపడితినా?" అంది. ఇద్దరికీ ఒక్కసారే ఏడుపు, నవ్వు వచ్చాయి.

బాలసుబ్బయ్య దిక్కు తోచక నిలబడ్డాడు. "నన్నేం జేయమంటావు మా?"

"నేను ముందు పోయి పక్కింట్లో అడుగుతా," అంది తిరుపాలమ్మ కళ్ళొత్తుకుంటూ. "నువ్వు మీ పెద్దమ్మ చెయ్యి పట్టుకొని తోడుకొని రా."