ఒక పుస్తకం, రెండు వేళ్లు

కోళ్ల పెంపకం పుస్తకాల రాక్ ముందు స్టూలు వేసుకుని, మునివేళ్ల మీద నిలబడి పై అర తడుముతోంది ఆ అమ్మాయి. బయట వాన. లైబ్రరీలో ఎవరూ లేరనుకుంది.

"కోళ్లు పెంచుతారా?" అన్నారెవరో వెనకనుంచి.

స్టూలు ఊగింది. నిలదొక్కుకుని తిరిగి చూస్తే, స్టూలెక్కిన తన కళ్లకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి అతని కళ్లు. పక్క సెక్షన్ పొడుగబ్బాయి. కాలేజీలో అందరూ 'నిచ్చెన' అంటారు.

"నేను పెంచను. మరి ఈ స్టాటిస్టిక్స్ పుస్తకం కోళ్ల మధ్యకి తనే నడిచొచ్చిందా?" అంటూ పై అరలోంచి లావుపాటి పుస్తకం లాగింది.

దొరికిపోయాడు. అయినా తగ్గలేదు. "పోయినవారం ఇదే పుస్తకం అన్నిటికన్నా కింద అరలో, పాత మ్యాపుల వెనక ఉంది. తియ్యడానికి నేను నేలమీద పాకాను. అంత కిందికి ఎవరి చెయ్యి వెళ్తుందా అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఆ పుస్తకం లైబ్రరీలో ఒక్కటే ఉంది. ఇంటికివ్వరు. కొనుక్కునే స్తోమత ఇద్దరికీ లేదు. అతని నాన్న ఇళ్లకి రంగులేస్తాడు. ఆమె, వాళ్లమ్మ చొక్కాల కంపెనీకి ఇంట్లో కూర్చుని గుండీలు కుడతారు. రెండు సెక్షన్లలో కలిపి ఫస్ట్ వచ్చినవాళ్లకి వచ్చే ఏడాది ఫీజు మాఫీ. రాకపోతే రెండిళ్లలోనూ చదువు అక్కడితో ఆగిపోతుంది. అందుకే పాపం ఆ పుస్తకం రోజుకో చోట దాక్కుంటోంది.

"ఇవ్వండి."

"ఇవ్వను."

అతనో పక్క, ఆమె ఓ పక్క అట్ట పట్టుకుని లాగుతుండగా వచ్చారు లైబ్రరీ మేడమ్.

"చిరిగిందంటే ఇద్దర్నీ గుమ్మం తొక్కనివ్వను. దీనికోసం నేను వెతకని చోటు లేదు. రేపట్నుంచి నా ఎదురుగా ఒకటే బల్ల. మధ్యలో పుస్తకం. మాట వినపడితే ఇద్దరూ బయటికే."

మర్నాడు అతను పేజీ తిప్పాడు. ఆమె వెనక్కి తిప్పింది. అతను మళ్లీ తిప్పాడు. ఆమె గుడ్లురిమింది. మాట్లాడ్డానికి లేదాయె.

చివరికి ఆమే దారి కనిపెట్టింది. తన చదవడం అయ్యాక పేజీ మూలన వేలు పెట్టింది. పక్కన అతని వేలు కూడా వచ్చాకే పేజీ తిప్పింది. అదే రూలైపోయింది. అతని గోటి పక్కన వదలని నీలం రంగు. ఆమె వేలి కొసన సూది గాట్లు.

సాయంత్రం మెట్లమీద, వాన తగ్గేదాకా, ఆపుకున్న మాటలన్నీ బయటికొచ్చేవి.

"మీరు నత్తలా చదువుతారు."

"మీరు పేజీల్ని విసనకర్రలా ఊపుతారు. ఏమైనా అర్థమవుతుందా?"

అతను చూరునీళ్లకి చెయ్యి పట్టాడు. "అర్థం కాదు. అందుకే గబగబా తిప్పుతాను."

ఆమె అక్కడే కూర్చోబెట్టి అతనికి అర్థమయ్యేదాకా చెప్పింది. బదులుగా అతను గ్రాఫులు నేర్పాడు. గోడమీద అంచు గీసే చెయ్యి కదా, స్కేలు లేకుండానే గీత తిన్నగా వచ్చేది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

పరీక్షల ముందు రోజు అతను నవ్వుతూనే చెప్పాడు. "నాన్న నాకోసం కొత్త బ్రష్ కొనిపెట్టాడు. ఫస్ట్ రాకపోతే పనికొస్తుందట."

ఆమె నవ్వలేదు. "నామీద జాలిపడి ఒక్క లెక్క వదిలేశావో, జన్మలో మాట్లాడను."

"నిన్ను ఓడిద్దామని నేను నిద్ర మానుకుంటుంటే జాలేంటి?"

ఫలితాలొచ్చాయి. ఆమె ఫస్ట్. అతను సెకండ్.

మెట్లమీదున్న అతని దగ్గరికి ఉరుకుతూ వచ్చింది. "వదిలేశావా?"

"లేదు. చివరి లెక్క నిజంగానే రాలేదు. కడుపు మండిపోతోంది. చాలా?"

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఇప్పుడేం చేస్తావ్?"

"చదువు మాత్రం మానను." అతను కిటికీలోంచి లైబ్రరీ గోడని చూశాడు. వానలకి ఉబ్బి, పెచ్చులూడి, రాక్‌ల వెనక మ్యాపులా తయారైంది.

మర్నాడు పొద్దున్నే నాన్నని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికెళ్లాడు. "సెలవుల్లో లైబ్రరీకి మేం రంగేస్తాం సార్. కూలి నా ఫీజుకి జమేసుకోండి."

"ఇలా ఎప్పుడూ చెయ్యలేదే," నసిగారు ప్రిన్సిపాల్.

"పెచ్చులు నా పుస్తకాల మీద రాలుతున్నాయి సార్," అన్నారు గుమ్మంలోంచి లైబ్రరీ మేడమ్. "ఎవరికో ఒకరికి కూలి ఇవ్వాల్సిందేగా."

నాన్న తలపాగా విప్పి చేతిలో నలిపాడు. "పని నచ్చకపోతే మళ్లీ వేస్తామయ్యా. వీడి చదువు మాత్రం ఆపొద్దు."

కొత్త బ్రష్ అలా లైబ్రరీకొచ్చింది.

రాక్‌లు ఖాళీ చెయ్యడానికి పిలవకుండానే ఆమె వచ్చింది. ఏ పుస్తకం ఏ అరదో వాళ్లిద్దరికన్నా బాగా ఎవరికి తెలుసు? మోసి, దులిపి, ఆరిన గోడల దగ్గర మళ్లీ సర్దుతుంటే, ఇంకో గోడకి రంగేస్తూ నిచ్చెన మీదనుంచి నాన్న అడిగాడు.

"ఎవర్రా ఆ అమ్మాయి?"

"ఫస్ట్ వచ్చిన అమ్మాయి నాన్నా."

"నిన్ను ఓడించిన పిల్లా? అయితే మంచిదే. ఇంటికి తీసుకురా, మీ అమ్మ చూస్తుంది." మళ్లీ గోడవైపు తిరిగి పనిలో పడ్డాడు.

స్టాటిస్టిక్స్ పుస్తకాన్ని ఆమె పైనా పెట్టలేదు, కిందా పెట్టలేదు. ఇద్దరి చేతులూ అందే నడిమి అర ముందు నిలబడి, తెరిచి, పేజీ మూలన వేలు పెట్టింది. తలెత్తలేదు.

"నాదయింది," అంది మెల్లగా. "నీకింకా ఎంతసేపు?"

అతను చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. తెల్లరంగు పూర్తిగా పోలేదు. అలాగే ఆమె వేలి పక్కన తన వేలు ఆనించాడు.

"నాదెప్పుడో అయింది. నీకోసమే ఆగాను."