ఇల్లు వినపడే నంబరు

పొయ్యి మీద పాలగిన్నె మూత టకటకమంటుండగా కోడలు వెనక వరండా తలుపు తీసింది. మామగారు అప్పటికే కుర్చీలో ఉన్నారు. చేతిలో టీ గ్లాసు, చూపు మాత్రం వంటింటి కిటికీ గట్టు మీది తెల్ల డబ్బా మీద. సబ్బుపెట్టెంత డబ్బా. దాని ముందువైపు బియ్యపుగింజంత ఆకుపచ్చ దీపం. పొద్దున ఆరున్నరకి వెలుగుతుంది, గంటసేపుండి ఆరిపోతుంది. కాపురానికి వచ్చిన ఈ ఆరేళ్ళుగా ఆమె దాన్ని రోజూ తుడుస్తూనే ఉంది. అదేమిటని ఒకసారి అడిగితే గాలిలో తేమ చూసేదని చెప్పారాయన. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన మనిషికి ఇలాంటి సరదాలు ఉంటాయిలే అనుకుని ఊరుకుంది.

మంచు విడవని వేళ ఆ వరండా మరో లోకంలా ఉంటుంది. కుళాయి కింద బకెట్లో ఒక్కో చుక్కా పడుతుంది. గోడ మీద పిచ్చుకలు కీచులాడుకుంటాయి. ఎండ ఇంకా నేలమీదికి దిగక, చూరు దగ్గరే తచ్చాడుతుంటుంది. అంతలో భర్త స్కూటర్ తాళం ఊపుకుంటూ వచ్చి, "వెళ్ళొస్తా" అని గట్టిగా అన్నాడు. రోజూ ఇదే వరస. స్కూటర్ ఉండేది వీధి వైపు, చెప్పి వెళ్ళడానికి మాత్రం పెరటి వైపుకి వస్తాడు. పక్కవాళ్ళ పెరట్లో ఎవరైనా ఉన్నారా ఏమిటి, అంత గట్టిగా చెబుతున్నావు అని ఆమె మొదట్లో వేళాకోళం చేసేది. తర్వాత అదీ అలవాటైపోయింది.

ఆమె ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. డాక్టర్లు నోటితో చెప్పిన వివరాలు విని రిపోర్టులు టైపు చేయడం. ఈ మధ్య ఇంటర్నెట్ మాటిమాటికీ తెగిపోతోంది. మందు పేరు సగం వినిపించి సగం మింగేస్తే, ఆ మిగతా సగం ఊహించి రాసే పని కాదిది. కనెక్షన్ మార్చుకో, లేదంటే ఈ పని ఇంకొకరికి ఇస్తామని సూపర్‌వైజర్ మెత్తగానే చెప్పింది. ఆ మెత్తదనమే ఆమెని భయపెట్టింది.

వారం రోజులపాటు పొద్దున్నే కంపెనీలకి ఫోన్లు చేసింది. ఇంట్లో సిగ్నల్ బాగా అందేది ఆ కిటికీ దగ్గరే. అక్కడ నిలబడి తన ఫోన్ నంబరు రెండేసి అంకెలుగా విడదీసి చెప్పి, రాసుకున్నారా అని రెట్టించి అడిగేది. చెప్పిందంతా నోట్‌బుక్ ఆఖరి పేజీలో గళ్ళు గీసి రాసుకుంది. మొదటి కంపెనీ రేపే వచ్చి పెట్టేస్తామంది. రెండోది మీ వీధికి ఇంకా రాలేదంది. మూడోది పది రోజులు పడుతుందంది.

మామగారు మాత్రం ఆ గళ్ళన్నీ వదిలేసి ఒక్కటే అడిగారు. "నంబరు మారకుండా ఉంటుందా?"

ఆమె మళ్ళీ ఫోన్ చేసి కనుక్కుంది. ఇంటర్నెట్‌లో ప్రతి ఇంటికీ ఒక నంబరు ఉంటుందట. మామూలు కనెక్షన్లలో అది అప్పుడప్పుడూ మారిపోతుంటుంది. మారకుండా ఉండేది మూడో కంపెనీ ఇస్తుంది. అయినా అది బయటివాళ్ళు ఇంట్లో ఉన్న యంత్రాన్ని వెతుక్కుంటూ రావాలంటేనే అవసరమట, మామూలు ఇళ్ళకి అక్కర్లేదట.

"మన గాలితేమని వెతుక్కుంటూ ఎవరొస్తారు మామయ్యా?" అంది అన్నం వడ్డిస్తూ. "రేపే పెట్టేవాళ్ళని రమ్మన్నాను."

"వద్దు."

"పది రోజులు ఆగితే నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు."

"నంబరు మారకూడదమ్మా."

భర్త కంచంలోంచి తలెత్తలేదు. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. "నా ఉద్యోగం పోయినా ఆ నంబరు ఉండాలంటారా?"

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు. "ఉండాలి" అని, కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

ఆ ఒక్క మాట ఆమెకి ముల్లులా దిగింది. రెండు రోజులు మామగారితో ముక్తసరిగానే మాట్లాడింది, టీ గ్లాసు చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి వెళ్ళింది. మూడో రోజు సాయంత్రం ఆరేసిన బట్టలు తీస్తుంటే, ఆయన తువ్వాలు కొసతో ఆ డబ్బాని తుడవడం కంటపడింది. ఆమె పొద్దునే తుడిచింది. దానిమీద తుడవడానికి దుమ్మేమీ లేదు. అన్నం తిన్న పిల్ల మూతి తుడిచినట్టు తుడుస్తున్నారు. ఆమె మడతపెడుతున్న దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. లోపలికి వచ్చి సూపర్‌వైజర్‌ని పది రోజుల గడువు బతిమాలుకుంది. తర్వాత నోట్‌బుక్ తీసి మూడో కంపెనీ చుట్టూ సున్నా చుట్టింది.

అన్నట్టుగానే పదో రోజున వచ్చారు. మెకానిక్ తీగ లాగి, కొత్త పెట్టె బిగించి, పాతది విప్పేశాడు. డబ్బాని కొత్త పెట్టెకి కలిపి, మారని నంబరు ఇదేనని ఒక చీటీ మామగారి చేతికిచ్చాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూశారు. మళ్ళీ చూశారు.

"పాత నంబరు దీనికి ఎక్కించలేదేం?"

"పాతది ఆ కంపెనీ సొత్తండీ. ఇది మాది."

"ఒక ఇంటివాళ్ళు ఈ వీధిలోంచి ఆ వీధికి మారితే, తీగ మార్చి అదే నంబరు వాళ్ళకిచ్చేవాళ్ళం. నేనే వందలసార్లు మార్చాను."

"అవి ఫోన్లండీ" అన్నాడు మెకానిక్ మర్యాదగానే. పాత కంపెనీకి ఫోన్ చేస్తే, లైను మూసేశాం, ఆ నంబరు ఇక మీ ఇంటికి రాదన్నారు.

మెకానిక్ వెళ్ళాక ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఎక్స్ఛేంజిలో ఏ మనిషీ నంబరు పోగొట్టుకోకుండా చూసుకున్న చేతులు ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి. ఆమె నేల మీద కూర్చుని, ఇప్పుడైనా చెప్పండి మామయ్యా అంది.

అప్పుడు చెప్పారు. ఈ ఇంట్లో ఆరేళ్ళుగా ఎవరూ పేరెత్తని కూతురొకతె ఉందట ఆయనకి. చదువుకునే రోజుల్లో ఆ పిల్లకి హాస్టల్లో నిద్రపట్టేది కాదట. ఇంటి చప్పుడు వినపడితే గానీ తెల్లారినట్టు ఉండదనేదట. అందుకని తండ్రీ కూతుళ్ళు కలిసి ఆ డబ్బా చేశారు. లోపల చిన్న మైకు. ఎక్కడినుంచైనా పాత కనెక్షన్‌కున్న ఆ మారని నంబరు కొడితే ఈ వరండా వినిపిస్తుంది. ఎవరైనా వింటుంటే దీపం వెలుగుతుంది. చిన్నప్పుడు ఇంట్లో స్విచ్చులన్నీ నొక్కుతూ తిరిగేదని ఆయన ఆ పిల్లని మిణుగురు అని పిలిచేవారు. చదువయ్యాక ఆయన చూపించిన ఉద్యోగం కాదని, ఊరూరూ తిరిగే నాటక బృందంలో లైట్లు వేసే పనిలో చేరింది.

"ఇక నీ గొంతు ఈ ఇంట్లో వినపడకూడదని దానితో అన్నానమ్మా. పిచ్చిపిల్ల, అక్షరాలా పాటించింది. ఏడేళ్ళు. వింటుంది, మాట్లాడదు. ఇవాళ ఏ ఊళ్ళో ఉందో తెలీదు. ఫోన్ మార్చేసింది. తిరిగేది అది, కదలకుండా ఉండాల్సింది నేను. మాట్లాడమని ఆ డబ్బా ముందు అనడానికి నోరు రాలేదు. ఇదొక్కటే చెయ్యగలిగాను."

ఆమెకి ముందు జాలి కాదు, కోపం వచ్చింది. "అంటే నా విసుగులూ, నా కూనిరాగాలూ, నేనిక్కడ కూర్చుని ఏడ్చిన రోజులూ, అన్నీ ఒక మనిషి వింటోందన్నమాట. నాకు చెప్పాలనిపించలేదా?"

"తప్పేనమ్మా" అన్నారాయన. "నువ్వు రాకముందు ఆ దీపం పావుగంట వెలిగేది. నువ్వొచ్చాక గంట వెలగడం మొదలైంది. చెబితే ఎక్కడ నోరు మూసుకుంటావోనని భయపడ్డాను."

ఆమె విసురుగా లేచింది. గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. వెళ్ళొస్తానని ఆరేళ్ళుగా అతను ఎవరికి చెబుతున్నాడో అప్పుడు అర్థమైంది.

మూడు పొద్దులు దీపం వెలగలేదు. చుక్కలు బకెట్లో పడుతూనే ఉన్నాయి, పిచ్చుకలు పోట్లాడుకుంటూనే ఉన్నాయి. అయినా ఇల్లు నీటి అడుగున ఉన్నట్టుంది. ఉద్యోగం నిలబడింది, డాక్టర్ల మాటలు గలగలా వినపడుతున్నాయి. ఆమెకే గిన్నె కడుగుతూ పాట ఎత్తుకోవడం, వినేవాళ్ళు లేరని గుర్తొచ్చి ఆపేయడం అలవాటైంది.

నాలుగో రోజు ఆరున్నరకి ఆమె ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతల ఎవరో సుత్తితో మేకులు కొడుతున్నారు.

"వదినా" అంది ఒక సన్నని గొంతు. "మీకు నేను తెలీదు. కంపెనీవాళ్ళకి మీరు రోజూ చెబుతుంటే ఈ నంబరు రాసుకున్నాను. కనెక్షన్ మారుతుందని తెలుసు. ఒకరోజు చూశాను, రెండు రోజులు చూశాను. డబ్బా తీసేశారా? నాన్న తీయరు. నాన్న బాగున్నారా?"

ఆమె, "మామయ్యా, మీకే" అంటూ ఫోన్ స్పీకరులో పెట్టి, మామగారి చేతికిచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. 

"నాన్నా, ఇల్లు వినపడటం లేదు" అంది మిణుగురు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "నేను మాట్లాడొచ్చా?"

"మాట్లాడమ్మా" అన్నారాయన. కళ్ళజోడు కింద నీళ్ళు కారిపోతున్నాయి. "గట్టిగా మాట్లాడు. ఇల్లంతా వినపడాలి."

కాసేపు అటూ ఇటూ ఏడుపే మాట్లాడుకుంది. తర్వాత కోడలు చీటీ తెచ్చి కొత్త నంబరు రెండేసి అంకెలుగా చదివి, రాసుకున్నావా అని అలవాటుగా రెట్టించింది. రాసుకున్నాను వదినా అనడం, కిటికీ గట్టు మీద ఆకుపచ్చ గింజ వెలగడం ఒక్కసారే జరిగాయి. ఎండ అప్పుడే నేల మీదికి దిగుతోంది.

భర్త స్కూటర్ తాళంతో వచ్చి గుమ్మంలో ఆగాడు. దీపాన్ని చూశాడు, తండ్రి చేతిలో ఫోన్ చూశాడు. గొంతు సవరించుకుని, రోజూ అన్నట్టే అన్నాడు.

"వెళ్ళొస్తా."

"వెళ్ళిరా అన్నయ్యా" అంది ఇల్లు.