పంపరపనస రసం, నాలుగు సోడాలు

రాజారాం నాందేడ్‌లో దిగిన మొదటి రోజే ఒక ఆడపిల్ల ముఖాన సోడా కొట్టాడు.

కావాలని కాదు పాపం. అది డెబ్బై అయిదో సంవత్సరం, జూన్ నెల. అప్పుడే వాన వెలిసింది. రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమస్తాగా చేరి, కాగితాల మీద సంతకాలు పెట్టి బయటికొచ్చేసరికి గొంతు పిడచకట్టింది. స్టేషన్ రోడ్డులో భోజన్న సోడా ఫ్యాక్టరీ కనిపించింది. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక గ్యాస్ సిలిండరు, చేత్తో తిప్పే మిషను, గోలీసోడా సీసాలు పేర్చిన చెక్క డబ్బాలు, అంతే. బల్ల వెనక భోజన్న కూతురు పరమేశ్వరి ఉంది. రాజారాం సీసా అందుకుని, మగతనమంతా బొటనవేలిలోకి తెచ్చుకుని గోలీని ఒక్క పోటు పొడిచాడు. సీసా మూతి ఎటు తిరిగి ఉందో మాత్రం చూసుకోలేదు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, కోపం లేకుండానే అడిగింది.

"మీ ఊర్ల సోడా తాగుతరా, చల్లుకుంటరా?"

తెలుగు మాట వినపడ్డ సంతోషంలో అతను క్షమాపణ సంగతే మరిచిపోయాడు. తనది జమ్మికుంట అని, ఇక్కడ మరాఠీ ఒక్క ముక్క రాదని, పొద్దుట్నుంచీ అందరి నోళ్ళు చూస్తూ నిలబడ్డానని ఏకరువు పెట్టాడు. పరమేశ్వరి వాళ్ళ తాత నిర్మల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, గిరాకీతో హిందీ. మూడూ ఆమె నాలుక మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి.

అలా ఒప్పందం కుదిరింది. రోజుకొక సోడా, సోడాకొక మరాఠీ మాట. మర్నాడు వచ్చి నిన్నటి మాట తప్పు చెబితే సోడా లేదు. ఉప్పు మీఠ్, చక్కెర సాఖర్, పొట్లం పుడా, తాళం కులూప్. రాజారాం ఇవన్నీ పాత రసీదు పుస్తకం వెనక రాసుకునేవాడు. ఒక్కోసారి తెలిసిన మాట కూడా తప్పు చెప్పేవాడు, ఆమె నవ్వుతుందని. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ నవ్వేది.

ఏడాదిన్నర గడిచింది. మూడు వందల మాటలు పోగయ్యాయి. చెప్పవలసిన ఒక్క మాట మాత్రం అతను మూడు భాషల్లో దేనిలోనూ చెప్పలేదు. రేపు చెబుదాం అనుకునేవాడు. ఇద్దరికీ తెలిసిన సంగతికి తొందరేముంది అనుకునేవాడు. కులం ఒకటే, ఉద్యోగం ఉంది, భోజన్న తనను చూస్తే స్టూలు జరిపి కూర్చోమంటాడు. అడ్డం ఏదీ లేదు. అడ్డం లేని దారిలో నడవడానికి కూడా కాళ్ళు లేవాలి కదా, ఈ మనిషికి అవి లేవలేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం, భోజన్న లోపల గ్యాస్ చూసుకుంటుండగా, పరమేశ్వరి తుడిచిన సీసానే మళ్ళీ తుడుస్తూ తల ఎత్తకుండా చెప్పింది.

"ఆదివారం మా ఇంట్ల సాఖర్‌పుడా ఉన్నది. నువ్వు తెచ్చేటట్టయితే శనివారమే తే. బాపు చేతికే ఇయ్యి."

సాఖర్ అంటే చక్కెర. పుడా అంటే పొట్లం. రెండూ ఆమె నేర్పినవే. రాజారాంకి గర్వం ఆగలేదు. ఫ్యాక్టరీలో తీపి సోడాలు చేస్తారు, చక్కెర తక్కువ పడిందన్న మాట.

"అర్థమైంది. నేనే తెస్త," అన్నాడు.

ఆమె అప్పుడు తల ఎత్తి చూసింది. అంతసేపు, అంత సూటిగా ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు. చక్కెరకే ఇంత సంతోషమా అనుకుని, రాజారాం మురిసిపోతూ ఆఫీసుకి వెళ్ళాడు.

శనివారం సగం రోజు సెలవు పెట్టి కంట్రోలు దుకాణం ముందు క్యూలో నిలబడ్డాడు. రెండు కిలోల చక్కెర కాగితంలో కట్టించి, దారం రెండు వరసలు చుట్టించి, మధ్యాహ్నానికి భోజన్న ముందుకి తెచ్చాడు. భోజన్న ఆ రోజు ఉతికిన ధోవతి కట్టి, పనేమీ లేకపోయినా ముందు బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. పొట్లం చూడగానే లేచి నిలబడ్డాడు. రెండు చేతులతో అందుకున్నాడు.

"ఏం సంగతి బిడ్డా, చెప్పు," అన్నాడు.

"సంగతేం లేదు కాకా. సోడాలకు."

"సోడాలకా?"

"ఔ కాకా. తీపి సోడాలకు పనికస్తది కద."

భోజన్న పొట్లం వైపు చూశాడు, రాజారాం వైపు చూశాడు. "ఇంకేం చెప్పేది లేదా?" అని అడిగాడు.

"తక్కువ పడితే మల్ల తెస్త," అన్నాడు రాజారాం.

లోపల తిరుగుతున్న మిషను చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. రాజారాం ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంత హుషారుగా తన కొంప తానే ముంచుకున్న మనిషిని ఆ ఊరు అంతకుముందు చూసి ఉండదు.

సాయంత్రం నాలుగింటికి ఇంటికి చేరేసరికి, పక్క గది నాగేశ్వర్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. ఇద్దరూ కాశీబాయి అనే ముసలావిడ వాడాలో, అంటే పాత లోగిలి ఇంట్లో, అద్దెకుంటారు. నాగేశ్వర్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆఫీసరు. మొక్కజొన్న విత్తనాల శిక్షణకని మెక్సికోలో ఆరు నెలలుండి, పదిహేను రోజుల క్రితమే తిరిగొచ్చాడు. రాజారాంకి జ్వరమొస్తే గంజి కాచిపోసిన మనిషి. మాట మెత్తన, మనసు ఇంకా మెత్తన.

ముద్ఖేడ్‌లో ఉండే మేనమామ తనకు సంబంధం చూశాడని, కుదిరేదాకా ఎవరికీ చెప్పొద్దని ఊరుకున్నానని, రెండింటికే ఒప్పుకున్నట్టు కబురొచ్చిందని నాగేశ్వర్ చెప్పాడు. పిల్లది కూడా ముద్ఖేడే అనుకుని రాజారాం అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు. ఆ సంతోషం గుర్తొచ్చి తర్వాత చాలా రోజులు అతనికి ఒళ్ళు మండేది.

నాగేశ్వర్ ట్రంకు పెట్టె తెరిచి, చొక్కాల అడుగు నుంచి ఒక సీసా తీశాడు. దాని పేరు టెకీలా అట. మన రైలు పట్టాల పక్కన కంచెకి నాటే కిత్తనార లాంటి మొక్క దుంప నుంచి తీస్తారట. అక్కడ తను భోంచేసిన హోటల్ ఆవిడ దాన్ని కలిపే పద్ధతి ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసిచ్చింది. శనివారం కాబట్టి కాశీబాయి మారుతి గుడికి వెళ్తుంది, దీపాలవేళ దాకా రాదు. ఈలోగా ఇద్దరూ చెరో గ్లాసు తాగి ముచ్చట తీర్చుకోవాలి. కలిపే పని రాజారాంది.

రాజారాం కాగితం చదివి బజారుకి పరుగెత్తి అరకిలో నల్ల ద్రాక్ష తెచ్చాడు. నాగేశ్వర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్ష కాదట, పెద్ద నారింజ వంటిదట, కొంచెం చేదు, కొంచెం పులుపు.

"పేర్ల ద్రాక్ష ఉంటే ద్రాక్షనే అనుకుంటవా తమ్మీ? మాటను ముక్కలు చేసి చూస్తే గిట్లనే అయితది."

అసలు పండు నాందేడ్‌లో దొరకదు. దానికి దగ్గర చుట్టం పంపరపనస. రాజారాం మళ్ళీ బజారుకి వెళ్ళి పండ్లమ్మే లీలాబాయిని మరాఠీలో 'పపనస్' అని అడిగి, తలకాయంత పండు తెచ్చాడు. ఆ మాట కూడా పరమేశ్వరి నేర్పిందే. వస్తూ వస్తూ స్టేషన్ దగ్గర రంపపు పొట్టులో పెట్టిన ఐసుగడ్డ, రెండు నిమ్మకాయలు కూడా పట్టుకొచ్చాడు.

చాప మీద కూర్చుని పని మొదలుపెట్టాడు. మందమైన తోలు ఒలిచి, తొనల మీది తెల్లపొర గోటితో తీశాడు. అది ఉంటే రసం మరీ చేదవుతుందని కాగితంలో ఉంది. తొనలు గుడ్డలో వేసి పిండితే లేత గులాబీ రంగు రసం చెంబులోకి దిగింది. నిమ్మచెక్కతో గ్లాసు అంచు తడిపి, పళ్ళెంలో పరిచిన ఉప్పులో బోర్లించాడు. అంచు చుట్టూ ఉప్పు అంటుకుంది. ఒక వంతు టెకీలా, మూడు వంతుల రసం, అర చెక్క నిమ్మ, చిటికెడు ఉప్పు, ఐసు ముక్కలు. ఆపైన గ్లాసు నిండా సోడా.

"సోడాలు భోజన్న కాకా దగ్గర తెస్త," అని లేచాడు.

నాగేశ్వర్ కంగారుగా అతని చెయ్యి పట్టుకున్నాడు. "అక్కడ వద్దు తమ్మీ. రేపు నాకు మామయ్యేటాయన. తాగుడుకు ఆయన దగ్గరనే సోడా తెస్తే మంచిగుండదు. రేపే సాఖర్‌పుడా."

రాజారాం చేతిలో నిమ్మచెక్క ఉంది. అది అలాగే ఉండిపోయింది.

"సాఖర్‌పుడా అంటే చక్కెర పొట్లం కాదా?" అన్నాడు.

"పొట్లమే. పిల్లగాని తరఫోళ్ళు పోయి పిల్ల ఒళ్ళె చక్కెర పొట్లం పెడ్తరు. గంతే, లగ్గం ఖాయమైనట్టు. మీ దిక్కు నిశ్చితార్థం అంటరు చూడు, అది."

తరఫోళ్ళు పోయి చక్కెర పొట్లం పెడతారు. నువ్వు తెచ్చేటట్టయితే శనివారమే తే. బాపు చేతికే ఇయ్యి. ఆమె అంతకంటే విప్పి ఏం చెప్పాలి? అతను తెచ్చాడు కూడా. తెచ్చి, సోడాలకు అన్నాడు. ఆ క్షణంలో రాజారాంకి బతుకు మీద అసహ్యం వేసింది, అందులోనూ తన నోటి మీద.

వేరే దుకాణం మూసి ఉంటుందని, సోడాలు ఎందుకో చెప్పనని ఏదో అని బయటపడ్డాడు. ఇంకా ఎండ ఉంది. శనివారం ఇంకా అయిపోలేదు. స్టేషన్ రోడ్డు పొడుగునా అతను ఆ ఒక్క ఆశనే పట్టుకుని నడిచాడు.

భోజన్న లేడు. కిన్వట్ బండిలో వస్తున్న చెల్లెల్ని దింపుకోవడానికి స్టేషన్‌కి వెళ్ళాడు. పరమేశ్వరి ఒక్కతే ఉంది. నాలుగు సోడాలు కావాలంటే, ముఖం చూడకుండా తీసి బల్ల మీద పెట్టింది.

"నాకు ఆ మాట తెల్వదు పరమేశ్వరీ," అన్నాడు రాజారాం.

"ఏ మాట?"

"సాఖర్‌పుడా. ఉత్త చక్కెర పొట్లం అనుకున్న. ఫ్యాక్టరీకి తెమ్మన్నవనుకున్న."

ఇదివరకు అతను మాట తప్పు చెబితే ఆమె నవ్వేది. ఇప్పుడూ నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె నవ్వలేదు. వెనక ఉన్న ఖాళీ డబ్బా మీద మెల్లగా కూర్చుంది.

"పుట్టినకాన్నుంచి వింటున్న మాట," అంది. "అది కూడా నేర్పాలని నాకు తట్టలే."

అప్పుడు చెప్పాడు రాజారాం. ఏడాదిన్నర నుంచీ దాచుకున్నదంతా తడబడుతూ చెప్పాడు. ఆమె లేనిదే ఈ ఊళ్ళో తనకు ఏమీ లేదన్నాడు. ఇప్పుడే స్టేషన్‌కి పోయి ప్లాట్‌ఫారం మీదనే కాకా కాళ్ళు పట్టుకుంటానన్నాడు. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"బాపు ముద్ఖేడోళ్ళకు ఇయ్యాల్టిదాక మాటియ్యలే, నిన్ను రెండుసార్లు అడిగిండు. తర్వాత లోపలికచ్చి నన్ను అడిగిండు, ఏం చేద్దాం బిడ్డా అని. నేనే సరే అన్న. కోపంతోని అన్న. అయినా నా నోటితోనే అన్న. అత్త బండెక్కింది, వాళ్ళ మామకు కబురు పోయింది. ఆయన ఏం తప్పు చేసిండని రేపు పొద్దున తలుపు మూద్దాం?"

నాగేశ్వర్ ఏ తప్పూ చెయ్యలేదని రాజారాం కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. పోనీ చెడ్డవాడైనా బాగుండేది. అతను బల్ల పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద ఎవరో సోడా కావాలని వస్తే పరమేశ్వరి లేచి కొట్టి ఇచ్చింది. ఆ మనిషి తాగి పోయాడు.

తర్వాత ఆమె ముఖం కడుక్కుని, నాలుగు సీసాలూ సంచిలో సర్దింది. ఇన్ని ఎందుకని అడిగింది. రాజారాంకి ఇక దాచాలన్న ఓపిక లేదు. మెక్సికో సీసా సంగతి, పంపరపనస సంగతి చెప్పేశాడు.

"ఆయనకు అలవాటున్నదా?"

"లేదు. ఇదే మొదలు."

"అయితే ఆయన గిలాసల తక్కువ పొయ్యి. రేపు పొద్దున్నే లేవాలె," అంది.

అన్నాక తనేమన్నదో ఆమెకే తెలిసింది. ముఖం పక్కకి తిప్పుకుంది. రాజారాం సంచి తీసుకున్నాడు. ఏడుపులూ ఒట్లూ ఎన్ని విన్నా అతను ఆశ వదులుకునేవాడు కాదేమో. ఆ ఒక్క మాటతో వదులుకున్నాడు.

ఇంటికొచ్చి గ్లాసుల్లో ఐసు వేశాడు. నాగేశ్వర్ గ్లాసులో టెకీలా చెంచాడు మాత్రం పోశాడు. తన గ్లాసులో చెయ్యి ఆపకుండా పోసుకున్నాడు. రసం పోసి, నిమ్మకాయ పిండి, సోడా కొట్టి నింపాడు. బుడగలు ఉప్పు అంచు దాకా పొంగాయి. నాగేశ్వర్ ఒక గుటక వేసి, చల్లగా ఉందని మెచ్చుకుని, ఇంకో గుటక వేసి కనుబొమలు ఎత్తాడు.

"ఇందుల మందేది తమ్మీ? ఉత్త సోడానే ఉన్నది."

"నీకు గంతే అన్నా. రేపు పొద్దున్నే లేవాలె," అన్నాడు రాజారాం.

"అప్పుడే పెండ్లాం లెక్క చెప్తున్నవేంది," అని నాగేశ్వర్ హాయిగా నవ్వాడు.

ఆ మాట ఎవరిదో రాజారాం అతనికి ఎప్పటికీ చెప్పలేదు.