మొద్దుల స్టేజీలో చెప్పుల లైన్

మొద్దుల స్టేజీ దగ్గర రాత్రి తొమ్మిది దాటితే ఏ ఆటో ఆగదు. ఆగొద్దు కూడా.

కొత్తగూడెం దాటినంక భద్రాచలం పెద్దరోడ్డును కలిసే అడవి అడ్డదారి ఒకటుంది. రెండు దిక్కులా టేకు చెట్లు, మధ్యల పైకప్పు సగం కూలిన బస్ షెల్టర్. ఒకప్పుడు అక్కడ నరికిన మొద్దులు పేర్చేటోళ్లు, అందుకే ఆ పేరు. ఇప్పుడు మొద్దుల్లేవు. చెప్పులుంటయ్.

అవ్ — చెప్పులు. షెల్టర్ ముందు ఒకదాని వెనక ఒకటి, వరుసగా. మొగోళ్లయి, ఆడోళ్లయి. వాటిల్ల నిలబడ్డ మనిషి మాత్రం... కనిపించడు.

ఈ ముచ్చట మొదలు ఎవరు పుట్టించిన్రో ఎవరికీ తెల్వదు. నేనైతే నమ్ముత. మూడేండ్ల సంది ఆ దారి తొక్కలే. భద్రాచలం పోవాలంటే పద్దెనిమిది కిలోమీటర్లు చుట్టు తిరిగి పోత. దగ్గరి దారి ఉండంగ ఎందుకని అడిగితే, పెద్దరోడ్డు మీద మిర్చి బజ్జీలు బాగుంటయని చెప్త. మిర్చి నాకు పడదు. అయినా చెప్పిన పాపానికి ఆగి రెండు తింట.

ఇప్పుడు చెప్పేది మా బామ్మర్ది కోటేష్‌కు జరిగింది. తప్పు మాత్రం నాది.

కోటేష్ ఇల్లందు దిక్కు బొగ్గు గనిల పని చేస్తడు. పెండ్లప్పుడు భార్య సరళకు సముద్రం చూపిస్తనని మాటిచ్చిండు. పన్నెండేండ్లయింది. మొదటిసారి లీవు దొరకలే. రెండోసారి వానలు. మూడోసారి ఎందుకు పోలేదో వానికి గుర్తులేదు. సరళకు గుర్తుంది.

ఈసారి కోనసీమ అనుకున్నరు. కొబ్బరి తోటలు, కాలువలు, చివరాఖరికి అంతర్వేది కాడ సముద్రం. ఎట్ల పోవాలనేది నన్ను అడిగిన్రు. జూలూరుపాడుల నాది జిరాక్స్ షాపు — నెల రోజుల సంది కాగితాలు కొంచెం వంకరగ వస్తున్నయ్, అది వేరే ముచ్చట. రైలు టికెట్లు గూడ తీసిస్త కాబట్టి, ఏ ఊరికైనా దారి నాకు తెలుసని మావోళ్ల నమ్మకం. నేను భద్రాచలం దాటి అడుగు పెట్టలేదన్న సంగతి ఎవరూ అడగలే. నేనూ చెప్పలే.

"చూడు బామ్మర్దీ," అని కాగితం మీద గీతలు గీసిన. "ఖమ్మంల రైలెక్కి విజయవాడ. ఆడ మారి రాజమండ్రి. ఆడికెంచి బస్సుల అమలాపురం. లేదంటే కారు కిరాయికి మాట్లాడు. అదీ కాదంటే గోదాట్ల లాంచీ..."

"లాంచీ ఆడిదాక పోతదా బావా?"

"నీళ్లు పోతున్నయ్ గద. లాంచీకేం రోగం?"

సరళ ఆ కాగితం గుంజుకున్నది. "అన్నా, నీ లాంచీకో దండం. భద్రాచలంల పొద్దుగాల ఐదింటికి అమలాపురం బస్సు ఉన్నదట, మా హేమలతక్క చెప్పింది. నేను ముందురోజే సామాన్లతోటి అక్కోళ్లింటికి పోత. ఈయన రెండో షిఫ్ట్ దిగి రాత్రికి రాత్రి రావాలె."

కోటేష్ దిక్కు తిరిగింది. "ఐదింటికి బస్సు కదులుతది. నువ్వు ఎక్కినా ఎక్కకున్నా నేను పోత."

గొంతు పెంచలే. పెంచితే బాగుండు.

"అడ్డదారి పట్టు, అరగంట కలిసొస్తది," అని కోటేష్‌కు నేనే చెప్పిన. ఆ దారిల మొద్దుల స్టేజీ ఉందని నాకు తెలుసు. కాని పోయేది నేను కాదు గద.

ఆ రాత్రి బదులు రావాల్సిన మనిషి రాక షిఫ్ట్ ఒంటిగంట దాక సాగింది. స్నానం చేసుకుంట కూసుంటే బస్సు పోతదని, కోటేష్ బొగ్గు మొకంతోనే బండెక్కిండు.

అడవి నడుమ ముందు టైరు తుస్సుమన్నది.

టైం రెండున్నర దాటింది. ఫోన్ల సిగ్నల్ లేదు. చార్జింగ్ నాలుగు శాతం. బండి నెట్టుకుంట నడిచిండు... నడిచిండు... మలుపు తిరిగిండు.

సగం చంద్రుడు. సగం కప్పు. దాని ముందు —

చెప్పులు.

"లెక్కపెట్టిన బావా," అని తర్వాత నాకు చెప్పిండు. "భయమైతే లెక్కపెట్టుడు నాకు అలవాటు. పదకొండు జతలు."

వెనక్కి ఉరుకుదామనుకున్నడు. కాని సరళ ఉన్నది వెనక కాదు, ముందు. అందుకని బండి స్టాండేసి, ఊపిరి బిగబట్టి, చెప్పుల పక్క నుంచి ఒక్కో అడుగు...

"వచ్చినవా...?"

ఆడ గొంతు. నేల మీద నుంచి.

కోటేష్ ఆగిపోయిండు. ఆకు గూడ కదల్లే.

"నిలబడి చూస్తవేంది... నీయి గూడ వెనక పెట్టు..."

వేరే ఊరోడైతే అప్పుడే ఉరికేటోడు. మావోడు ఉరకలే. ఎందుకంటే వాడు యూరియా బస్తా కోసం తెల్లార్లు చెప్పులు లైన్ల పెట్టిన ఇంట్ల పుట్టిండు. వెనక పెట్టుమని ఎవరన్నా అంటే — అన్నది మనిషా దెయ్యమా అని తలకాయ తేల్చుకునేలోపే చేతులు పని కానిచ్చినయ్. వంగిండు. బూట్లు విప్పిండు. పన్నెండో జతగ పెట్టిండు. ముందు జతకు సరిగ్గ వచ్చినయా లేదా అని జర సర్దిండు గూడ.

సర్దినంక భయం యాదికొచ్చింది.

సరళకు ఒక్కసారి ఫోన్ కలుస్తదేమో అని జేబుల చెయ్యి పెట్టి ఫోన్ తీసిండు. తెర వెలుగు మొకం మీద పడ్డది. బొగ్గు నలుపుల రెండు తెల్ల కండ్లు... టకటక కొట్టుకుంటున్న పండ్ల వరుస...

షెల్టర్ గోడ వెనక ఒక గోనెసంచి లేచి కూసున్నది. అందుల నుంచి ఒక ముసలమ్మ తల బయటికొచ్చింది. చూసింది.

ఆమె కేకేసింది. కోటేష్ కేకేసిండు. ఇంకో తొమ్మిది సంచులు లేచి ఒక్కపారి కేకేసినయ్. సంచులు అటు ఉరికినయ్, మావోడు ఇటు ఉరికిండు. బండి ఆడనే, బూట్లు ఆడనే!

సంచులల్ల ఉన్నది లోపలి గూడేల జనం. మొదటి బస్సు మూడున్నరకు వస్తది. పై ఊర్ల నుంచే సగం నిండి వస్తది. సీటు దొరకాలంటే ముందునాడు పొద్దుగూకంగనే వచ్చి, చెప్పులు లైన్ల పెట్టి, గాలి తగలకుంట గోడ చాటున సంచులల్ల దూరి పండుకుంటరు. ఆ ముసలమ్మ పేరు జంపక్క. భద్రాచలం దవాఖానాల కండ్లు చూపించుకునేందుకు పోతున్నది.

బస్సు హారన్ వినపడితే అందరూ ఒక్కొక్కరు చెట్ల నుంచి బయటికొచ్చిన్రు. లైన్ చివర కొత్త జత. బూట్లు.

"ఆ నల్ల దెయ్యానియే," అన్నడు జంపక్క తమ్ముడు బొజ్జయ్య. "ఇసిరి పారేద్దాం అక్కా."

"పారేస్తే ఊకుంటదా? పద్ధతిగ లైన్ల పెట్టింది," అన్నది జంపక్క. "దెయ్యానిదైనా లైన్ లైనే."

అట్ల మా కోటేష్ బూట్లకు బస్సుల సీటు దొరికింది. కోటేష్‌కే దొరకలే.

భద్రాచలం బస్టాండ్. నాలుగు నలభై ఐదు. అమలాపురం బస్సు పక్కన సరళ సామాన్లు పెట్టుకొని రోడ్డు దిక్కే చూస్తున్నది. ఎదురుంగ అడవి దిక్కు నుంచి వచ్చిన బస్సు ఆగింది. జంపక్క దిగింది. ఆమె చేతిల బూట్లు ఊగుతున్నయ్. ఒకదానికి నల్ల లేసు. రెండోదానికి లేసు తెగితే సరళ కట్టిన పాత లంగా నాడా.

"అవ్వా! ఇవి మా ఆయనయి!"

జంపక్క రెండడుగులు వెనక్కేసింది. "బిడ్డా... నీ మొగడు దెయ్యమా?"

"అప్పుడప్పుడు. యాడున్నడు?"

"అడవిల. ఉరుకుతుండు."

సరళ జర సేపు ఆ నాడా దిక్కు చూసింది. బూట్లు తీసుకున్నది. బస్సెక్కింది. కిటికీ పక్క సీట్ల బూట్లు పెట్టి, పక్కన తను కూసున్నది.

డ్రైవర్ బండి స్టార్ట్ చేసిండు.

"అమ్మా, ఈ సీటు ఖాళీయేనా?" అని ఎవరో అడిగిన్రు.

"మనిషున్నడు. బూట్లు కనిపిస్తలేవా?"

ఐదైంది. బస్సు కదిలింది. సరళ దిగలే. కిటికీల నుంచి తల గూడ బయట పెట్టలే. బూట్ల మీద చెయ్యి మాత్రం పెట్టింది.

గేటు కాడ జామాయిల్ కట్టెల లారీ అడ్డమొచ్చి ఆగింది. ఆ కట్టెల మీదికెంచి నల్లటి ఆకారం ఒకటి దబ్బున దుంకి, వట్టి కాళ్లతోటి కుంటుకుంట బస్సు మీదికి వచ్చింది. ముందు సీట్ల పిల్లలు ఏడుపందుకున్నరు. కండక్టర్ తలుపు మూయబోయిండు.

"మూయకు!" అన్నది సరళ. "దెయ్యం కాదు. నాదే."

బూట్లు తీసి ఒళ్ల పెట్టుకున్నది. కోటేష్ కూసున్నడు. రావులపాలెం దాక బూట్లు ఆమె ఒళ్లనే ఉన్నయ్. ఆడ ఆమె బూట్లు వాని ముందు పెట్టింది. "ఏసుకో. సముద్రం కాడ ఇసుక కాలుతదట."

వారం తర్వాత కోటేష్ కొబ్బరికాయలు పట్టుకొని మా ఇంటికొచ్చి ఇదంత చెప్పిండు. వాని అక్క, అంటే నా భార్య ద్వాలి, పడి పడి నవ్వింది. నాకు గూడ మస్తు ధైర్యమొచ్చింది.

"గంతేనా! ఉత్తగ భయపడి చచ్చిన్రు జనం. పిరికోళ్లు!" అన్న.

"కాని బావా, ఒక్కటి తేలలే," అన్నడు కోటేష్. "బండి తెచ్చుకునేందుకు పోయిననాడు జంపక్క కనిపించింది. ఆ రాత్రి వాళ్లు పది మందేనట. నేను లెక్కపెట్టింది పదకొండు జతలు. అన్నిటికంటె ముందున్నయి ఎవరియీ కాదట. మూడేండ్ల సంది ఆడనే ఉన్నయట. ముట్టుకుంటే ఏమైతదో అని, రోజూ ముందు సీటు ఇడిచిపెట్టి ఎక్కుతరట."

"ఎట్ల... ఎట్లున్నయ్?"

"నీలం హవాయి చెప్పులు. పట్టీ తెగితే రాగి తీగ కట్టిన్రు."

ద్వాలి నవ్వుడు ఆపి నా దిక్కు చూసింది. మూడేండ్ల కింద ఒక మాపటేళ నేను ఒంటి చెప్పుతోటి ఇంటికొచ్చి, రెండోది కుక్క ఎత్తుకపోయిందని చెప్పింది ఆమెకు యాదున్నది.

ఇంక దాచి లాభం లేదు. ఆ పొద్దు మొద్దుల స్టేజీల ఆటో కోసం నిలబడ్డది నేను. వరుస చెప్పులు చూసి, గోడ వెనక సంచి దగ్గితే ఉరికింది నేను. తెల్లారి ఊరంత చాటింపేసింది నేను.

"కాని నాది ఎడమదొక్కటే పోయింది," అన్న. "కుడిది తెచ్చుకున్న. జిరాక్స్ మిషన్ ఊగుతుంటే దాని కాలు కింద పెట్టిన."

కోటేష్ నవ్వలే.

"జంపక్క గూడ గదే అన్నది బావా. మొన్నటిదాక ఒక్కటే ఉండెనట... నెల కిందనే జత కలిసిందట."

మిషన్ కింద నేనింకా వంగి చూడలే. కాగితాలు మాత్రం వంకరగనే వస్తున్నయ్.