వీధి మీద అలక

ముందుగదిలో పార్టీ బోర్డు కింద కుర్చీలన్నీ ఖాళీ. ఎన్నికల్లో ఓడినప్పటి నుంచీ అక్కడ కూర్చునేవాళ్ళు ఒక్కొక్కరే జారిపోయారు. వెనకగదిలో కోడలి కుట్టుమిషను చుట్టూ మాత్రం పొద్దున్నే ఆడవాళ్ళ సందడి. వీధంతా ప్రెసిడెంటు గారని పిలిచే మామగారు, ఆ సందడి విననట్టు పేపరు తిరగేస్తున్నారు.

ఇంతలో మైకు వచ్చాడు. పార్టీ నినాదాలిచ్చే మనిషి కాబట్టి అదే అతని పేరైపోయింది.

"పరువు పోయింది సార్! మీ కోడలు ఆ గెలిచినాయన గుమ్మం ముందు నిన్న నిలబడిందట. ప్రెసిడెంటు ఇంట్లోవాళ్ళే అటు పోతుంటే మేమెందుకు ఉండాలని మనవాళ్ళు అడుగుతున్నారు."

మామగారు పెట్టిన కేకకి మిషను ఆగింది. ఆడవాళ్ళు గుడ్డలు సర్దుకుని వెళ్ళిపోయారు.

"నిజమేనా?"

"నిజమే మామయ్యా. కుళాయిలో మురుగునీళ్ళు వస్తున్నాయి. వీధి ఆడవాళ్ళమంతా చెప్పుకోవడానికి వెళ్ళాం."

"చెప్పుకోవడానికి నేను చచ్చానా? సాయంత్రం మీటింగులో తెలియక వెళ్ళానని అందరి ముందూ ఒప్పుకో. లేదంటే నువ్వూ నీ మొగుడూ వేరే ఇల్లు చూసుకోండి."

కోడలు కత్తెర పక్కన పెట్టింది. తల మాత్రం దించలేదు.

"మూలింటి అక్క ముందు మీ దగ్గరికే వచ్చింది మామయ్యా. ఆ నీళ్ళు తాగి పాప వాంతులతో ఆసుపత్రిలో ఉందని ఏడ్చింది. మీరేమన్నారు? 'ఓటెవరికి వేశావు?' అన్నారు."

"ఏదో వేళాకోళానికి అన్నారు లెండి," గొణిగాడు మైకు.

"నువ్వు కాసేపు ఊరుకో నాయనా," అంటూ అత్తగారు వంటింట్లోంచి వచ్చారు. భర్త ఎదురుగా నిలబడ్డారు. "ఓడిపోతే ఎవరైనా బాధపడతారు. మీరు వీధి మీద అలిగారు. కట్టుకున్నదాన్ని కాబట్టి నేను బతిమాలతాను. జబ్బుపడ్డ పిల్ల తల్లి కూడా బతిమాలాలా?"

మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "పాప ఎలా ఉంది?" అన్నారు.

"ఇంటికి తెచ్చారు. ఇంకా లేవలేకపోతోంది."

ఆయన చెప్పులేసుకున్నారు. కోడలు వెనకే నడిచింది.

మూలింటి తల్లి తలుపు సగమే తీసింది. "ఇప్పుడు ఎన్నికలేం లేవుగా సార్?"

"లేవమ్మా. ఆ రోజు పాప సంగతి అడగాల్సింది. అడగలేదు. ఇప్పుడు అడగడానికి వచ్చాను."

ఆమె తలుపు పూర్తిగా తీసింది. "నిద్రపోతోంది. మెల్లగా రండి."

దుప్పట్లో ముడుచుకున్న ఆ చిన్న ఒంటిని చూడగానే ఆయన కళ్ళు నిండాయి.

"ఆ గెలిచినాయన దగ్గరికి మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారమ్మా?" కోడలిని గుసగుసగా అడిగారు.

"రేపే మామయ్యా."

"నేనూ వస్తాను. మాట్లాడేది మాత్రం నువ్వే."