గోగునార గాజులు

"అవసరమైతే కాల్చాలా?" అడిగాడు ఏజెంట్ ఆంజనేయులు.

"కాల్చు," అన్నాడు చీఫ్. "కుసుమ మన మనిషినే అంటోంది. విదేశీ ముఠాకీ అదే చెబుతోంది. ఎవరి మనిషో తేల్చు."

1965. నరసరావుపేట శివారు షెడ్డులో సైంటిస్టు నెహెమ్యా గోగునారను పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి, అచ్చుల్లో నొక్కి రేకులు తీస్తున్నాడు. యుద్ధ విమానాల పెట్రోలు ట్యాంకులకు అవి అల్యూమినియం కంటే తేలిక. వేలెడు ముక్క సరిహద్దు దాటినా రహస్యం గోవిందా.

కుసుమ అక్కడ టైపిస్టు. ఆంజనేయులుకు కాబోయే భార్య. అది తెలిసే పంపాడు చీఫ్, దుర్మార్గుడు.

నార కొనే షావుకారు వేషంలో, పెట్టుడు మీసంతో మనవాడు వారం రోజులు షెడ్డు ముందు బేరాలాడాడు. చూపు మాత్రం కిటికీలోకే. నెహెమ్యా ఏదో అంటాడు, కుసుమ నవ్వుతుంది. తన జోకులకు ఎప్పుడూ అంతగా నవ్వలేదే. బటన్ కెమెరాతో ముప్ఫై ఆరు ఫొటోలు తీశాడు. అన్నిట్లోనూ ఆ నవ్వే. కడుపు మండిపోయింది.

శనివారం ఇంకో దెబ్బ. తను కొనిచ్చిన ఎర్రగాజులు ఆమె చేతికి లేవు. వాటి చోట తేనెరంగు గాజులు రెండు.

"ఎవరిచ్చారు?" దారిలో అడ్డుపడి గొణిగాడు.

"నెహెమ్యాగారు సొంతంగా చేశారు. బాగున్నయ్యి కదా?" అంటూ ఆమె స్టేషన్ వైపు సాగిపోయింది.

ఆంజనేయులు వెంటపడ్డాడు. ప్లాట్‌ఫారం మీద గాజులవాడు పెట్టె తెరుచుకుని కూర్చున్నాడు. కుసుమ చెయ్యి చాపింది.

"వానకు వెలవని రంగుందా?"

"ఎండకూ వెలవదమ్మా."

వాడు తేనెరంగు గాజులు తీసి పచ్చవి తొడిగాడు. చూసేవాళ్లకు అది రోజూ జరిగే పనే. ఆంజనేయులు చూపు మాత్రం ఆ పాత గాజులనే పట్టుకుంది. తగిలినా గలగలమనలేదు. ఎండలో లోపలి నారపోగులు కనిపించాయి. వాడు వాటిని దూదిలో చుట్టి దాచాడు.

మాచర్ల బండి కూతవేసి కదిలింది. గాజులవాడు మెట్టెక్కాడు. ఆంజనేయులు ఎగిరి కాలర్ పట్టి కిందికి లాగాడు. పెట్టె అడుగున వైర్‌లెస్ సెట్టు బయటపడింది.

వాణ్ణి పోలీసులకు అప్పగించి, పిస్తోలు కుసుమ వైపు తిప్పాడు.

"ముందు దాన్ని దించు," అంది కుసుమ. "ఆ గాజులు ఎర. నెహెమ్యాగారికీ తెలుసు. సరుకు వాడి పెట్టెలో దొరికితేనే గదా కేసు నిలిచేది?"

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే నీ మొహం అట్టా మాడేదా? వారమంతా ఆ గాజులవాడూ షెడ్డు చుట్టూనే తిరిగాడు. షావుకారు అంత కుళ్ళుకోవడం చూసే, నేను నెహెమ్యాగారిని బుట్టలో వేసుకున్నానని వాడు నమ్మాడు."

రిపోర్టులో 'వాడిన పరికరాలు' దగ్గర ఆంజనేయులు బటన్ కెమెరా, పిస్తోలు అని రాసిచ్చాడు. టైపు చేసింది కుసుమ. మూడోది ఆమే చేర్చింది: కాబోయే మొగుడి కుళ్ళు.