రాళ్లవాగులో ఎండ కరువు

మే నెల పద్దెనిమిదో తేదీ, మధ్యాహ్నం ఒంటిగంట. రాళ్లవాగు హౌసింగ్ బోర్డు కాలనీ సి బ్లాకు డాబా మీద డాక్టర్ సువార్త చెప్పులు విడిచేసి ఒట్టి కాళ్లతో నిలబడింది. చేతిలో థర్మల్ కెమెరా. గాలి నలభై ఐదు డిగ్రీలుంది. పాదాల కింద డాబా మాత్రం ముప్ఫై ఆరే.

మెట్ల దగ్గర నిలబడ్డ వెంగమాంబ నీళ్ల ట్యాంకు వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతోంది. ట్యాంకు వెనకాల ఒక పాత చాప పరిచి ఉంది. ఆమె చేసిన తప్పు ఆ చాప కిందే ఉంది.

ఆ తప్పేమిటో అర్థం కావాలంటే ముందు చలవ సున్నం సంగతి తెలియాలి.

రాళ్లవాగు పల్నాడులో సున్నపు బట్టీల ఊరు. చుట్టూ రాయి, నడుమ ఊరు, పైన ఎండ. ఆ ఊళ్లో పై అంతస్తులో కాపురం ఉండటమంటే పెనం కింద కాపురం ఉండటమే. అలాంటి ఊరిని సువార్త తాను కనిపెట్టిన డాబా పూతకు మొదటి పరీక్షగా ఎంచుకుంది. ఆ పూత సూత్రం కష్టమైందేం కాదు. వేడెక్కిన ప్రతి వస్తువూ కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలుగా తన వేడిని బయటికి పంపుతూనే ఉంటుంది. వాటిలో చాలావాటిని గాలిలోని తేమ పట్టేసి మళ్లీ కిందికే తోస్తుంది. ఒక్క రకం కిరణాలను మాత్రం గాలి ఆపలేదు. అవి నేరుగా అంతరిక్షంలోకి వెళ్లిపోతాయి. సువార్త పూత ఎండను దాదాపు మొత్తం తిప్పికొట్టి, ఇంట్లోని వేడిని సరిగ్గా ఆ రకం కిరణాలుగా పైకి సాగనంపుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు. కాగితాల్లో దానికి పెద్ద పేరే ఉంది గానీ ఊళ్లోవాళ్లు చలవ సున్నం అన్నారు, అదే నిలిచింది.

ఆ వెంటనే ప్రభుత్వం నివాస భవనాలకు శక్తి పొదుపు విధానం తెచ్చింది. పూత ప్రభుత్వమే వేయిస్తుంది. ప్రతి భవనానికీ గేటు దగ్గర నక్షత్రాల పలక. అయిదు నక్షత్రాలుంటే వేసవి మధ్యాహ్నాలు కోత లేదు. మూడుకు పడిపోతే పన్నెండు నుంచి నాలుగు దాకా ఆ బ్లాకు ఏసీలకు కరెంటు రాదు. షరతు ఒకటే. పూత ఆకాశానికి ముఖం తెరిచి ఉండాలి. దానిమీద చాప పరచకూడదు, మంచం వాల్చకూడదు, బట్టలారేయకూడదు. మంచమంత మేర మూసుకుపోయినా మీటరు పసిగట్టి నక్షత్రాలు తగ్గిస్తుంది.

వెంగమాంబ బతుకంతా ఆ డాబా మీదే పరుచుకుని ఉంది. భర్త పోయిన ఏడాది నుంచీ, అంటే పద్నాలుగేళ్లుగా, ఆమె మరో ఏడుగురు ఆడవాళ్లను కూడగట్టుకుని వడియాలు పెడుతోంది. గుమ్మడి వడియాలు, మినప వడియాలు, చల్ల మిరపకాయలు. ఆమె వడియం నూనెలో పడితే పువ్వులా విచ్చుకుంటుందని నరసరావుపేట కొట్లవాళ్లు కూడా చెప్పుకునేవారు.

చలవ సున్నం వేసిన మొదటి వేసవిలో ఆమె అందరికంటే ఎక్కువ సంతోషించింది. రెండో వారంలో వడియం తిప్పి చూస్తే అడుగున పచ్చిగానే ఉంది. తెల్లారేసరికి డాబా మీద మంచు పట్టినట్టు తడి. మూడో రోజుకు బూజు, అయిదో రోజుకు వాసన. రెండు బస్తాల మినప్పిండి గేదెల పాలైంది. సందుల్లో ఎండబెడదామంటే అయిదంతస్తుల నీడ, రోడ్డుమీదంటే లారీల దుమ్ము. వడియాలు మానేస్తే ఆ ఏడుగురూ మళ్లీ బట్టీల్లో రాళ్లు మోయడానికి పోవాల్సిందే. వాళ్లలో ఇద్దరికి ఇప్పటికే నడుం పనిచెయ్యదు.

మరుసటి మార్చి నెలాఖరున వెంగమాంబ ట్యాంకు వెనకాల, ఎవరి కంటా పడని మూల, మంచమంత మేర పూత గీకేసింది. గీకినచోట తారు పూసింది. తారు మీద పలచటి బట్ట వేసి వడియాలు పెడితే సాయంత్రానికే గలగలమన్నాయి.

నెల తిరిగేసరికి సి బ్లాకు గేటు దగ్గర అయిదు నక్షత్రాలు మూడయ్యాయి. వచ్చే సోమవారం నుంచి కోత అని నోటీసు అంటించారు. తన పూత ఎక్కడ ఓడిపోయిందో చూసుకుందామని సువార్త స్వయంగా వచ్చింది.

కెమెరా తెరమీద డాబా అంతా నీలంగా ఉంది. ట్యాంకు వెనక మాత్రం ఎర్రటి చతురస్రం. సువార్త నడిచివెళ్లి చాప ఎత్తింది. కింద వరసగా నలభై గుమ్మడి వడియాలు. ఒకటి తీసి వాసన చూసింది.

“ఇంగువ ఎక్కువేశారు,” అంది.

“మా గుంపులో అందరికీ అట్టాగే ఇష్టమమ్మా,” అని వెంగమాంబ నోరుజారింది. తర్వాత నాలిక కరుచుకుంది.

సువార్త వడియాన్ని మళ్లీ వరసలో పెట్టింది. ఆ మూల నుంచి పిట్టగోడ దాకా అడుగులు లెక్కపెట్టుకుంది. “దీని కింద ఎవరుంటారండీ?”

“మా నసీమా. కానీ ఇది వాళ్ల చిన్నగది మీదికొస్తది. సామాన్లు పెట్టుకునే గది.”

ఇద్దరూ కిందికి దిగారు. నసీమా తలుపు తీసింది. చంకలో నాలుగు నెలల పాప. మెడ నిండా చెమటకాయలు, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. చిన్నగదిలో సామాన్లు లేవు, చీరతో కట్టిన ఉయ్యాల ఉంది.

“ఏసీ గాలి పడక పాపకు రొంప పట్టింది పెద్దమ్మా. అందుకని ఈ గదిలోకి మార్చాను,” అంది నసీమా. “మొదట్లో హాయిగా పడుకునేది. ఈ నెలన్నర నుంచే ఏమైందో. ఆస్పత్రికి కూడా తీసుకెళ్లా. జ్వరం లేదంటారు.”

సువార్త కెమెరా పైకి ఎత్తింది. కప్పు మీద, సరిగ్గా ఉయ్యాల పైన, ఎర్రటి మచ్చ. ఆమె తెరను నసీమాకు చూపించలేదు. కొంచెం పక్కకు తిప్పి వెంగమాంబకు చూపించింది.

వెంగమాంబ ఆ మచ్చను చూసింది, దాని కింద వేలాడే ఉయ్యాలను చూసింది. ఈ పాప పుట్టినప్పుడు మొదటి స్నానం పోసింది తనే. సువార్త కెమెరా సంచిలో పెట్టేయబోయింది. పూత అక్కడక్కడా పెచ్చులూడిందని నివేదికలో రాస్తే సరిపోతుంది, ఎవరికీ తెలియదు. ఆ సంగతి వెంగమాంబకూ అర్థమైంది.

“నేనే నసీమా,” అంది. “మీ గది మీద సున్నం గీకి తారు పూసింది నేనే. వడియాల కోసం. పాపను ఈ గదిలోకి మార్చావని ఎరగను. ఎరగకపోయినా చెయ్యకూడని పనే.”

నసీమా ఆమె ముఖంలోకి చూసింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేనట్టు గోడకు ఆనుకుంది. తర్వాత పాపను ఆమె చేతుల్లో పెట్టింది. “అయితే ఇవాళ మీరే నిద్రపుచ్చండి,” అంది.

పాపను భుజాన వేసుకుని హాల్లో తిప్పి తిప్పి నిద్రపుచ్చాక వెంగమాంబ డాబా ఎక్కింది. సువార్త అప్పటికే గీకుడుకత్తితో తారు లాగుతోంది. ఆమె చేతిలోంచి కత్తి తీసుకుని మిగిలింది తనే గీకింది. ఎండ వాలేలోపు ఇద్దరూ కలిసి రెండు వరసలు పూత పూశారు.

“మీ పూత మంచిదమ్మా,” అంది వెంగమాంబ కుంచె కడుగుతూ. “దాన్ని నేను కాదనను. కానీ మీరు ఎండనంతా శత్రువన్నట్టు తోలేశారు. ఆ ఎండతో అన్నం తినేవాళ్లం కొందరం ఉంటాం గదా. ఆ లెక్క ఎవరూ వెయ్యలా.”

సువార్త పూత డబ్బాకు మూత బిగించింది. పదకొండేళ్లు ఆమె ఆ వేడిని ఎలా వదిలించుకోవాలా అనే ఆలోచించింది. అది ఎవరికైనా కావాలేమోనన్న ప్రశ్న ఆమె నోట్సులో ఏ పేజీలోనూ లేదు. ఆ రాత్రి బసకు వెళ్లాక ఇంధన శాఖకు ఆరు పేజీల ఉత్తరం రాసింది.

ప్రభుత్వం కదలడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా వడియాల గుంపు సువార్త ఇప్పించిన వేడిగాలి పెట్టెతో నెట్టుకొచ్చింది. ఆ పెట్టె వడియాలకు నరసరావుపేటలో వెనకటి పేరు రాలేదు. పాప మాత్రం వారానికే చెమటకాయలు తగ్గి బొద్దుగా తయారైంది. ఇంకోపక్క పూత ఊరంతా పాకింది. ఇళ్లు, బడులు, ఆఖరికి పిట్టగోడలు కూడా తెల్లబడ్డాయి. ఊరి గాలే నాలుగు డిగ్రీలు తగ్గిపోయింది. అప్పుడు ఇంటింటా గోల మొదలైంది. ఆవకాయ కారానికి మిరపకాయలు ఎండటం లేదు. పసుపు కొమ్ములు ఎండటం లేదు. ముసలివాళ్లకు పొద్దుటెండ కాచుకుందామంటే వెచ్చటి అరుగు లేదు.

చివరికి ఉత్తర్వు వచ్చింది. శక్తి పొదుపు విధానంలో సవరణ: ప్రతి వార్డుకూ ఒక ప్రజా ఎండస్థలం. మూతపడ్డ సున్నపు బట్టీ ఆవరణలో నల్లటి నాపరాళ్లు పరిచి, చుట్టూ కంచె వేసి, మనిషికో రాయి చొప్పున టోకెన్లు పెట్టారు. నిర్వహణ వెంగమాంబ గుంపుకిచ్చారు. పొద్దున ఆరింటికల్లా బట్టీ గేటు దగ్గర వరస. వేళ్లు కాలకుండా ఎండలో వడియం ఎలా తిప్పాలో పట్నం చదువుల పిల్లలకు ఆమె నేర్పించాల్సి వచ్చింది.

మూడో ఏడు మేలో సువార్త ఆ ఊరికే బదిలీ మీద వచ్చి కాపురం పెట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మాగాయ ముక్కల బేసిన్ చంకన పెట్టుకుని బట్టీ గేటు దగ్గరికొచ్చింది. ముఖం మీద చెమట బొట్టు లేదు. లోపల రాళ్లన్నీ నిండి ఉన్నాయి.

“టోకెన్ తీసుకున్నారా?” అంది వెంగమాంబ నవ్వాపుకుంటూ.

“లేదండీ. ఒక్క రాయి దొరుకుతుందేమోనని.”

“రేపు పెందలాడే రండమ్మా,” అంది వెంగమాంబ. “మన పల్నాడులో ఇవాళ్టికి ఎండ అయిపోయింది.”

అని, ఆమె ముఖం చూసి, తన వడియాల బట్టను ఒక పక్కకు లాగి సగం రాయి ఖాళీ చేసింది.